ఒకటో తేదీకీ ఒకటో తేదీకీ నడుమ

నెలజీతం మీద బతికే కుటుంబం అప్పు తీర్చడానికి పూనుకున్నప్పుడు, ఆ పని నిజానికి నెలకు ఒకటి రెండు రోజులే జరుగుతుంది: జీతం ఖాతాలో పడగానే వాయిదా సొమ్ము బ్యాంకుకు వెళ్లిపోతుంది, చీటీ కట్టేస్తారు, చేబదులు ఇచ్చినవారికి ఎంతో కొంత ముట్టజెబుతారు, కిరాణా కొట్టులో పద్దు తీర్చేస్తారు. మిగిలిన రోజుల్లో అప్పు తగ్గించడానికి చేయగల పని ఏదీ కనిపించదు గాని, దాన్ని పెంచే సందర్భాలు మాత్రం ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటాయి. ఇరవయ్యో తేదీ దాటాక అందే పెళ్లిపిలుపు, బడి నుంచి వచ్చే ఫీజు కబురు, బండి మరమ్మతు వంటివేవీ విలాసాలు కావు, వాయిదా వేయడానికి వీలైనవీ కావు. అప్పు తీర్చే ప్రయత్నం మధ్యలో ఆగిపోయినప్పుడు లోకం దాన్ని నిగ్రహలోపంగా లెక్కగడుతుంది. ఆ తీర్పు చాలా సందర్భాల్లో తొందరపాటే; ఎందుకంటే ఓర్పు సడలడానికి మనిషి స్వభావం కంటే వడ్డీ లెక్క తీరు, నెలలో డబ్బు వచ్చిపోయే తేదీల అమరిక ఎక్కువ కారణమవుతాయి, ఈ రెండూ అర్థం చేసుకుంటే కొంతవరకు చక్కదిద్దుకోగలిగినవే.

ముందుగా వడ్డీ లెక్క. ఈఎంఐ అని అందరూ పిలిచే సమాన నెలసరి వాయిదాలో రెండు భాగాలుంటాయి: ఆ నెలకు పడిన వడ్డీ ఒకటి, తీసుకున్న మొత్తంలో తిరిగి చేరే అసలు ఒకటి. వడ్డీ ఎప్పుడూ మిగిలి ఉన్న అసలు మీదే పడుతుంది కాబట్టి, అప్పు కొత్తగా ఉన్నప్పుడు వాయిదాలో అధికభాగం వడ్డీకే పోయి, కాలం గడిచేకొద్దీ అసలు వాటా పెరుగుతూ వస్తుంది. ఉదాహరణకు 30 లక్షల గృహరుణాన్ని 9 శాతం వార్షిక వడ్డీతో 20 ఏళ్లకు తీసుకున్నవారి నెలసరి వాయిదా 26,992 రూపాయలు కాగా, మొదటి నెల అందులో 22,500 వడ్డీకి పోయి 4,492 మాత్రమే అసలుకు జమ అవుతుంది. వడ్డీరేటు మారకుండా ఉంటే, గడువులో సరిగ్గా సగం గడిచిన పదేళ్లకు కూడా 21 లక్షల 30 వేల దాకా అసలు మిగిలే ఉంటుంది. 30 లక్షల్లో సగం తీరడానికి 14 ఏళ్లు పడుతుంది. ఇందులో మోసమేమీ లేదు, గణితమే అంత. అయితే ఈ సంగతి తెలియక, మూడేళ్లు క్రమం తప్పకుండా కట్టి ఒకరోజు బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి చూసుకున్న మనిషికి, కట్టిందంతా ఎటు పోయిందన్న నిస్పృహ కలగడం సహజం, ఆ నిస్పృహే తర్వాతి నెల ఖర్చుల్లో అజాగ్రత్తగా బయటపడుతుంది.

క్రెడిట్ కార్డు బాకీలో ఈ నిస్పృహ మరింత తీవ్రంగా ఉంటుంది. నెలకు 3.5 శాతం వడ్డీ పడే కార్డు మీద లక్ష రూపాయల బాకీ ఉందనుకుంటే, ఒక నెలకు వడ్డీ 3,500, దాని మీద 18 శాతం జీఎస్టీ 630, రెండూ కలిసి 4,130 అవుతాయి; ఆ నెల 5,000 కట్టినవారి బాకీ తగ్గేది 870 రూపాయలే. పైగా బిల్లు పూర్తిగా కట్టకుండా కొంత మిగిల్చినవారికి, మామూలుగా లభించే వడ్డీ లేని గడువు రద్దయి, కొత్తగా కొన్న వస్తువుల మీద కూడా కొన్ననాటి నుంచే వడ్డీ మొదలవుతుంది. అందువల్ల బిల్లులో కనిపించే కనీస చెల్లింపు అనే అంకె, అంటే ఆ నెలకు ఖాతా చెడిపోకుండా కాపాడే అతి తక్కువ మొత్తం, అప్పు తీర్చడానికి ఉద్దేశించినది కాదు. ఊళ్లలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకునే పద్ధతి ఈ విషయంలో ఒక మేలూ ఒక కీడూ చేస్తుంది: లెక్క నోటితో వేయడానికి వీలుగా ఉండటం మేలు, రెండు రూపాయల వడ్డీ ఏడాదికి 24 శాతమనీ, పది రూపాయల వడ్డీ 120 శాతమనీ స్ఫురించకపోవడం కీడు. బ్యాంకు చెప్పే 14 శాతం పెద్ద అంకెగా, తెలిసినవారి దగ్గర దొరికే మూడు రూపాయల వడ్డీ చిన్న అంకెగా వినిపించడం వల్ల ఎన్నో కుటుంబాలు చౌకైన అప్పును ఖరీదైన అప్పుతో తీర్చాయి.

రెండోది తేదీల సంగతి. జీతం వచ్చిన రోజుల్లో ఖర్చు పెరిగి నెలాఖరుకు తగ్గిపోవడం తెలుగు ఇళ్లకే పరిమితమైన అలవాటు కాదు. అమెరికాలో పేద కుటుంబాలకు నెలకొకసారి అందే ఆహార సహాయాన్ని పరిశీలించిన ఆర్థికవేత్త జెస్సీ షపిరో, ఆ సహాయం అందిన నాటి నుంచి నెలాఖరు వరకు ఆ కుటుంబాల్లో తినే ఆహారపు కెలొరీలు 10 నుంచి 15 శాతం దాకా పడిపోతాయని 2005లో చూపించాడు; అంటే కడుపుకు సంబంధించిన ఖర్చు కూడా నెల పొడవునా సమంగా సాగడం లేదు. ఐస్‌లాండ్ ప్రజల ఖర్చుల లెక్కలను పరిశీలించి 2018లో వెలువరించిన మరో అధ్యయనంలో, ఖాతాలో చాలినంత డబ్బున్నవారు కూడా జీతం పడిన రోజున ఎక్కువ ఖర్చు చేస్తారని తేలింది. కాబట్టి మొదటి వారంలో చేయి జారడానికి అవసరమే కారణమని చెప్పలేము, డబ్బు వచ్చిందన్న స్పృహ చాలు.

నెలాఖరులో మనసు ఎలా పనిచేస్తుందన్న ప్రశ్నకు మాత్రం పరిశోధకుల జవాబులు ఒకే దారిన లేవు. తమిళనాడులో 464 మంది చెరకు రైతులను కోతకు ముందూ తర్వాతా పరీక్షించిన ఆనంది మణి, సెంథిల్ ముల్లైనాథన్, ఎల్దార్ షఫీర్, జియాయింగ్ జావోలు, చేతిలో డబ్బు ఆడని కాలంలో అదే రైతు అదే తరహా తర్కపరీక్షలో వెనకబడుతున్నాడని, డబ్బు చింత ఆలోచనాశక్తిలో కొంత భాగాన్ని ఆక్రమిస్తుందని 2013లో ప్రకటించారు. మూడేళ్ల తర్వాత అమెరికాలో తక్కువ ఆదాయం గలవారిని జీతానికి ముందు కొందరినీ జీతం వచ్చాక కొందరినీ పరీక్షించిన కార్వాల్యో, మయ్యర్, వాంగ్‌లకు బుద్ధిసామర్థ్యంలో అలాంటి తేడా కనిపించలేదు. అయితే జీతానికి ముందున్నవారు, రేపు వచ్చే పెద్ద మొత్తం కంటే ఈరోజు దొరికే చిన్న మొత్తం వైపు ఎక్కువగా మొగ్గారు. ఏడాదికొకసారి పంట డబ్బు చూసే రైతుకూ, నెలకో పక్షానికో జీతం అందుకునే ఉద్యోగికీ మధ్య ఇంత తేడా ఉండటంలో ఆశ్చర్యం లేదు. నెలజీతగాడికి ఉపయోగపడే అంశం రెండో అధ్యయనంలోనే ఉంది: ఇరవై అయిదో తేదీన మనిషి తెలివి తగ్గిపోదు, కాకపోతే చేతిలో డబ్బు లేని కారణాన తక్షణం దొరికే డబ్బు అసలు విలువకు మించి ఆకర్షిస్తుంది. పది నిమిషాల్లో అప్పు ఇస్తామనే ఫోన్ యాప్‌లు, బంగారం తాకట్టు దుకాణాలు, ఆఫీసులో దొరికే జీతం అడ్వాన్సు ఆ రోజుల్లో అంత సులువుగా మనసుకెక్కడానికి ఇదే కారణం.

దీన్నిబట్టి చేయవలసిన పని ఒకటుంది: డబ్బుకు సంబంధించిన నిర్ణయాలన్నీ జీతం వచ్చిన రోజునే ముగించి, నెల మధ్యకు ఏ నిర్ణయమూ మిగలకుండా చూసుకోవడం. వాయిదా తేదీ జీతం తేదీకి వీలైనంత దగ్గరగా, దాని తర్వాత ఉండాలి. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం వెయ్యి మంది కంటే తక్కువ పనివారున్న సంస్థల్లో ఏడో తేదీలోగా, అంతకు మించి ఉన్నచోట పదో తేదీలోగా జీతం ఇవ్వాలని నిర్దేశించగా, దాని స్థానంలో రూపొందిన 2019 నాటి వేతన స్మృతి నెలజీతాలకు ఏడో తేదీని గడువుగా పెట్టింది. చిన్న ప్రైవేటు సంస్థల్లో పనిచేసేవారికి జీతం ఏడో తేదీ దాకా రాకపోవడం సాధారణమే కాబట్టి, అయిదో తేదీకి వాయిదా పెట్టుకున్నవారు నెలనెలా ఇబ్బందిపడి, ఒక్కోసారి ఖాతాలో సొమ్ము లేక చెల్లింపు తిరిగిపోయి, తమ బ్యాంకు వేసే రుసుమూ అప్పిచ్చిన సంస్థ వేసే రుసుమూ రెండూ భరించి, రుణచరిత్రలో మచ్చ కూడా తెచ్చుకుంటారు. వాయిదా తేదీని మార్చమని లిఖితపూర్వకంగా అడిగితే అంగీకరించే సంస్థలున్నాయి, అడిగేవారే తక్కువ.

వాయిదాలు పోయాక మిగిలిన సొమ్మును వారాలవారీగా విడదీయడం పాత పద్ధతే, ఇప్పటికీ పనికొచ్చే పద్ధతే. ఒక వారానికి ఎంత, ఒక అవసరానికి ఎంత అని మనసులో డబ్బుకు వేర్వేరు పద్దులు కట్టుకునే ఈ అలవాటునే, 2017లో నోబెల్ బహుమతి పొందిన రిచర్డ్ థేలర్ మానసిక గణనం అన్న భావనగా వివరించాడు. పోపులడబ్బాలో పాలవాడికీ చాకలికీ విడివిడిగా డబ్బు దాచిన గృహిణులకు ఆ వివరణ అవసరం లేకపోయింది. నేడు జీతం ఖాతా వేరు, ఇంటిఖర్చు ఖాతా వేరుగా పెట్టుకుని, ప్రతి సోమవారం ఇంటిఖర్చు ఖాతాకు వారానికి సరిపడే మొత్తం దానంతటదే బదిలీ అయ్యేలా బ్యాంకుకు ఆదేశమిస్తే ఆ పోపులడబ్బా పని జరిగిపోతుంది, యూపీఐతో చెల్లించేటప్పుడు ఆ రెండో ఖాతానే వాడితే ఖర్చు హద్దు దాటదు.

అయితే నెలవారీ లెక్కకు అందని ఖర్చులే చాలా ప్రణాళికలను పాడుచేస్తాయి. జూన్‌లో బడి ఫీజులు, పుస్తకాలు; ఆషాఢంలో కొత్త అల్లుడింటికి పంపే సారె; శ్రావణంలో పెళ్లిళ్లు, వాటిలో చదివింపులు; దసరా, సంక్రాంతి బట్టలు; బండి బీమా. ఇవి ఏ నెలలో వస్తాయో అందరికీ తెలుసు, అయినా ప్రతి ఏడూ అనుకోని ఖర్చుల జాబితాలోనే చేరుతుంటాయి. ఏడాదికి ఇలాంటివన్నీ కలిపి 60,000 అయ్యే ఇంట్లో నెలకు 5,000 పక్కన పెట్టకుండా, ఆ సొమ్మును కూడా ఉత్సాహం కొద్దీ అప్పుకు కట్టేస్తే, జూన్‌లో మళ్లీ మూడు రూపాయల వడ్డీకి తేవలసి వస్తుంది. అందుకే అప్పు తొందరగా తీర్చాలన్న ఆతురత కూడా ఒక రకమైన అసహనమేనని చెప్పాలి, దుబారా కంటే అది గౌరవంగా కనిపించినా దాని ఫలితం మాత్రం అదే. చదివింపుల విషయం మరీ సున్నితమైనది. తమ ఇంటి శుభకార్యంలో ఎవరెంత చదివించారో పుస్తకంలో రాసిపెట్టుకునే సమాజంలో అది కానుక పేరుతో ఉన్న బాకీ, వడ్డీ లేని బాకీయే అయినా తప్పించుకోలేనిది.

ఇక ఉత్సాహం. ఫలితం కళ్లకు కనబడనిదే ఉత్సాహం నిలవదు. గమ్యం దగ్గరపడేకొద్దీ ప్రాణి వేగం పెంచుతుందని క్లార్క్ హల్ అనే అమెరికన్ మనోవిజ్ఞాని 1930లలో ఎలుకల మీద జరిపిన ప్రయోగాల ద్వారా ప్రతిపాదించాడు, మనుషుల విషయంలోనూ ఇది నిజమని తర్వాతి పరిశోధకులు చూపారు. దీర్ఘకాలిక రుణంలో గమ్యం ఎంతో దూరాన ఉండి, మొదటి సంవత్సరాల్లో అసలు దాదాపు కదలనట్టే ఉంటుంది కనుక, మిగిలిన అసలును మాత్రమే కొలతగా పెట్టుకున్నవారికి నిరుత్సాహం తప్పదు. ఇంతకంటే ఉపయోగకరమైన కొలత రోజువారీ వడ్డీ, అంటే మిగిలిన అసలును వార్షిక వడ్డీరేటుతో గుణించి 365తో భాగిస్తే వచ్చే అంకె. 3 లక్షల వ్యక్తిగత రుణాన్ని 14 శాతం వడ్డీతో నాలుగేళ్లకు తీసుకుని నెలకు 8,198 చొప్పున కడుతున్న కుటుంబాన్ని ఊహిస్తే, ఆ ఇంట్లో కట్టడం మొదలైననాడు రోజుకు పడే వడ్డీ 115 రూపాయలు. ఏడాది తిరిగేసరికి అది 92, రెండేళ్లకు 65, మూడేళ్లకు 35. ఇది ఇంటి రోజువారీ ఖర్చులతో పోల్చి చూసుకోగలిగిన అంకె కావడం దీనిలోని సుగుణం. మొదట రోజుకు లీటరున్నర పాలకు పైగా ఖరీదు చేసిన అప్పు, చివరికి అర లీటరు ప్యాకెట్ ధరకు దిగివస్తుంది. పదిహేనో తేదీనో ఇరవయ్యో తేదీనో చేసేందుకు ఏ పనీ లేదనిపించినప్పుడు క్యాలెండర్ మీద ఈ అంకె రాసుకోవడం చిన్న పనే, గాని కిందటి నెల వాయిదా ఈ నెలలో ప్రతిరోజూ ఎంత మిగుల్చుతోందో అది చూపిస్తుంది.

నాలుగైదు అప్పులున్నవారు దేన్ని ముందు తీర్చాలన్న విషయంలో గణితం ఒక మాట, మనోవిజ్ఞానం ఒక మాట చెబుతాయి. ఎక్కువ వడ్డీ పడే అప్పును ముందు తీర్చితే మొత్తం మీద కట్టే వడ్డీ తగ్గుతుంది, ఇందులో వివాదం లేదు. కాని సింగపూర్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ పేద కుటుంబాల పాత బాకీలను ఒకేసారి తీర్చినప్పుడు ఆ కుటుంబాలను పరిశీలించిన పరిశోధకులు, తీరిన మొత్తం కంటే మూతపడిన బాకీల సంఖ్యే వారి ఆందోళన తగ్గడంలోనూ, స్థిమితంగా ఆలోచించడంలోనూ ఎక్కువ ప్రభావం చూపిందని 2019లో వెల్లడించారు. అయిదుగురికి బాకీ ఉన్న మనిషి అయిదు తేదీలను, అయిదుగురి ముఖాలను గుర్తుపెట్టుకోవలసి వస్తుంది మరి. వడ్డీరేట్లు ఇంచుమించు సమానంగా ఉన్నప్పుడు చిన్న బాకీలను ముందు మూసేయడంలో తప్పు లేదు. కార్డు బాకీ, పది రూపాయల వడ్డీ వంటివి ఉన్నచోట మాత్రం ఆ ఊరట కోసం ఆగడం చాలా ఖరీదైన పని.

నలుగురి ఎదుట కట్టే అప్పు త్వరగా తీరుతుందన్న నమ్మకం డ్వాక్రా మహిళా పొదుపు సంఘాల అనుభవం నుంచి బలపడింది. సమావేశంలో పొదుపూ వాయిదా లెక్కలూ అందరి ముందు చదవడం వల్ల సభ్యులకు క్రమశిక్షణతోపాటు ఒకరికొకరు ఆసరా కూడా అలవడ్డాయి. అదే బృందపద్ధతిని సూక్ష్మరుణ సంస్థలు వారంవారీ వసూళ్లకు వాడి, ఒక సభ్యురాలు కట్టకపోతే మిగతావారిని ఆమె గుమ్మం ముందు కూర్చోబెట్టే దాకా తీసుకెళ్లినప్పుడు అది వేధింపుగా మారడాన్ని 2010 నాటి ఆంధ్రప్రదేశ్ చూసింది. ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ వసూళ్లకు కళ్లెం వేయవలసి వచ్చింది. కాబట్టి చూసే కళ్లు ఎవరివన్నదే ముఖ్యం. సొంత ఇంట్లో అప్పు సంగతి భార్యాభర్తలిద్దరికీ తెలిసి ఉండటం కనీస అవసరం. పరువు పేరుతో ఒకరు దాచిన అప్పు వల్ల, రెండోవారు తెలియక చేసే ప్రతి ఖర్చూ ఇంట్లో తగాదాకు కారణమవుతుంది.

అసలు జీతమే వాయిదాలకు చాలని ఇంటికి ఓర్పు గురించి చెప్పడం అసందర్భం. అక్కడ చేయవలసింది గడువు పెంచి వాయిదా తగ్గించమని అప్పిచ్చిన సంస్థను అడగడం, ఉన్న బంగారం అమ్మి ఎక్కువ వడ్డీ అప్పును వదిలించుకోవడం వంటి కఠినమైన పనులు. బంగారాన్ని అమ్మడం కంటే తాకట్టు పెట్టి ఏటేటా తిరగరాయించుకోవడమే గౌరవమనుకునే అలవాటు ఎన్నో నగలను వడ్డీలో కరిగించింది. వాయిదా తప్పినా, వసూలు చేసే ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు గాని రాత్రి 7 గంటల తర్వాత గాని ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లో స్పష్టం చేసింది. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో సంస్థ పరిష్కరించకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఉచితంగా ఆశ్రయించవచ్చు.

జీతానికి మించి వచ్చే సొమ్ము, అంటే బోనసు, కరువు భత్యం బకాయిలు, వేతన సవరణ (పీఆర్సీ) బకాయిలు వంటివి, వాయిదాల వేగాన్ని మార్చగల అసలైన అవకాశం. పైన చెప్పిన 3 లక్షల రుణానికే నెలకు మరో వెయ్యి చొప్పున ముందుగా కట్టగలిగితే 48 నెలల అప్పు 42వ నెలకే ముగిసి, 13 వేలకు పైగా వడ్డీ మిగులుతుంది. సొంత అవసరాలకు మారే వడ్డీరేటుతో తీసుకున్న రుణాన్ని వ్యక్తులు ముందుగా తీర్చితే రుసుము వసూలు చేయడానికి బ్యాంకులకు వీల్లేదు. స్థిరమైన రేటు గల వ్యక్తిగత రుణాల్లో ఆ రుసుము ఉండవచ్చు కాబట్టి, ఒప్పందపత్రం చూసుకుని ఏడాదికొకసారి పోగుచేసి కట్టడం కొన్నిసార్లు మేలు. వచ్చిన బకాయిల్లో పిసరంత కుటుంబం తన సరదాకు ఖర్చు పెట్టుకోవడాన్ని కొందరు సలహాదారులు తప్పుపడతారు గాని, నాలుగేళ్ల పాటు ఇంటిల్లిపాదీ ఏ సరదా లేకుండా గడపాలనే ప్రణాళికను ఆచరించే ఇల్లు అరుదు.

ప్రామిసరీ నోటు మీద తెచ్చిన అప్పులో కట్టిన ప్రతి మొత్తాన్నీ నోటు వెనక జమ వేయించుకోవడం తప్పనిసరి. నోటుకు చట్టం ఇచ్చే కాలపరిమితి మూడేళ్లు, ఆలోగా కట్టినవారి సంతకంతో జమ పడితే గడువు అక్కడి నుంచి మళ్లీ మొదలవుతుంది కనుక అప్పిచ్చినవారికీ అది కావలసిందే. కట్టినవారికి మాత్రం అది ఎవరూ కాదనలేని రుజువు. చివరి పైసా ముట్టాక నోటును వెనక్కు తీసుకోవాలి. గృహరుణమైతే పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలనీ, సంస్థ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలనీ రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో ఆదేశించింది. బాకీ లేదన్న ధ్రువపత్రం తీసుకుని, ఖాతా నుంచి వాయిదా లాగే ఆదేశాన్ని రద్దు చేయించి, ఒకటి రెండు నెలల తర్వాత సిబిల్ నివేదికలో ఆ రుణం మూసివేసినట్టు నమోదైందో లేదో సరిచూసుకోవడంతో ఆ అప్పు పని పూర్తవుతుంది.